పాత కిటికీ రెక్క మీద తాటిచెట్టు: 71 రోజుల పని డైరీ

పలక ఒక పాత టేకు కిటికీ రెక్క. పొడవు 40 అంగుళాలు, వెడల్పు 16, మందం అంగుళానికి కాస్త తక్కువ. దాని మీద ఉబ్బెత్తుగా తాటి మాను, గుడ్డతో ఆకులు, వెనక ఎర్ర నేల, చుట్టూ అంచు. మిక్స్‌డ్ మీడియా అంటే ఇక్కడ ఇంతే: కలప, గుడ్డ, చింతగింజల జిగురు, రంపపు పొట్టు, సుద్ద, రంగు. ఇలాంటిది చేయాలనుకునేవారు నా కొలతలు వాడుకోవచ్చు, నేను పాడుచేసుకున్న మూడు వారాలను మిగుల్చుకోవచ్చు.

## దశ 1: ఏం వేయాలో తెలియని తొమ్మిది రోజులు

ఫోనులో 212 బొమ్మలు దాచుకున్నాను. గోడ పలకలు, తలుపుల మీద పూలు, చిలుకలు, తామరలు. వాటిని ముందు పెట్టుకుని నాలుగు చిత్తు బొమ్మలు గీశాను. నాలుగూ ఎవరిదో ఒకరి పనిలా ఉన్నాయి. చిలుక ఒకచోటిది, కొమ్మ ఇంకోచోటిది, రంగు మరోచోటిది. ఆరో రోజు నాలుగింటినీ పక్కన పడేశాను.

లోపం ఎక్కడుందో అప్పుడు అర్థమైంది. పూర్తయిన బొమ్మ దాని చివరి రూపాన్ని మాత్రమే చూపిస్తుంది. ఏది ముందు వేశారు, ఏది ఎందుకు అలా వచ్చింది అన్నది అందులో కనిపించదు. నాకు కావలసింది ఆ లోపలి సంగతి. అందుకే పద్ధతి మార్చాను:

1. ఫోను పెట్టెలో పెట్టి మూత వేయడం.
2. నోటుపుస్తకంలో ప్రతి పేజీకి మూడు గడులు గీయడం: దేనితో చేశారు, ఏ క్రమంలో చేశారు, కొలత ఎంత.
3. మూడు గడులూ నిండని దేన్నీ ఈ పలక మీద వాడకపోవడం.

విజయవాడ నుంచి కొండపల్లి దగ్గరే కాబట్టి ముందు అక్కడికి వెళ్లాను. బొమ్మల్ని చాలాసార్లు చూసినవాణ్నే. ఈసారి బొమ్మను వదిలి అతుకును చూశాను. తెల్ల పొణికి కర్రను తేలికగా చెక్కుతారు, కానీ ఏనుగునంతా ఒకే కర్రలోంచి తీయరు. తొండం వేరు, చెవులు వేరు, అంబారీ వేరు. విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. తర్వాత తెల్లపూత, దాని మీద రంగు. పేజీలో మూడు గడులూ నిండాయి. ఆ పేజీ ఎంత పనికొస్తుందో మూడో దశలో గానీ తెలియలేదు.

చేర్యాల నకాషీ పటాల గురించి, అంటే గుడ్డ మీద వేసే కథల బొమ్మల గురించి, పాత నోట్సు ఉన్నాయి. ఖద్దరు గుడ్డ మీద చింతగింజల జిగురు, తెల్ల సుద్దమట్టి, బంక కలిపి పూతలు వేసి గట్టిపరుస్తారు. వెనక నేల ఎరుపు. లేపాక్షి వీరభద్రాలయంలో కిందటి జనవరిలో గీసుకున్న పేజీలు రెండు ఉన్నాయి. పైకప్పు చిత్రాల్లోని స్త్రీల చీరల మీద గళ్లు, గీతలు, పూల అంచులు. 16వ శతాబ్దం నాటి ఆ చీరల్లో ఒకదాని పక్కన ఒకటి నిలబడ్డవి కూడా ఒకేలా ఉండకపోవడం నన్ను మెడ నొప్పి పుట్టేదాకా నిలబెట్టింది. బయట లతామండపం స్తంభాల మీది చెక్కడాలు కంటి ఎత్తులోనే ఉంటాయి కాబట్టి పెన్సిలును చేయి చాచి పట్టుకుని అంచుకూ మధ్యభాగానికీ నిష్పత్తి రాసుకోగలిగాను. తాకనక్కర లేదు, తాకకూడదు కూడా.

విషయం మాత్రం గుళ్లోదీ పటంలోదీ కాదు. మా కాలువ గట్టు మీది తాటిచెట్టు. నిలువు పలకకు నిలువు చెట్టు సరిపోతుంది. టేపు తీసుకుని వెళ్లి కొలిచాను: ఛాతీ ఎత్తులో చుట్టుకొలత 108 సెం.మీ., మట్టలు రాలిపోయిన చోట మిగిలిన వలయాల మధ్య దూరం 3 నుంచి 5 సెం.మీ.

ఇప్పటికి: పలక 900, బస్సు, పుస్తకం, కాగితాలు 640. మొత్తం 1,540 రూపాయలు. 14 గంటలు.

## దశ 2: నేల పూత. మూడుసార్లు చెడింది

పలకను రుద్ది శుభ్రం చేసి, ఖద్దరు గుడ్డ అతికించి, పైన తెల్లపూత వేయాలి. చెప్పుకుంటే ఒక్క వాక్యం. చేయడానికి 18 రోజులు పట్టింది.

మొదటి తప్పు. శ్రావణ మాసపు తేమకు చింతగింజల జిగురు మూడో రోజుకే బూజు పట్టింది. రెండో విడతలో బూజు రాకుండా చెంచాడు పసుపు కలిపాను. ఆ జిగురుతో గుడ్డ అతికించి, సుద్ద దొరకలేదని ఇంట్లో ఉన్న సున్నం పలచగా పూశాను. గంట తిరక్కుండానే తెల్లటి నేల మీద ఎర్రటి మబ్బులు లేచాయి. పసుపూ సున్నమూ కలిస్తే పారాణి. పెళ్లి కూతురి పాదాలకు పెట్టేది అదే. సున్నపు క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. సుద్దతో అలా జరగదు. ఎరుపు మాత్రం చాలా బాగుంది. ఒక ముక్క కత్తిరించి పుస్తకంలో అతికించుకున్నాను.

రెండో తప్పు. తడి తువ్వాలు 40 నిమిషాలు పరిచి గుడ్డ ఊడదీశాను. మళ్లీ అతికించి ఈసారి సుద్ద పూశాను. రెండు రోజుల్లో అంతటా టీ మరకల్లాంటి గోధుమ చారలు. టేకులోని రంగు, కరిగే పదార్థాలు నీటి పూతతో పాటు పైకి వచ్చాయి. మీద ఎన్ని పూతలు వేసినా ప్రతి పూతలోని నీరు మళ్లీ వాటిని లాగుతుంది. నాలుగు పూతలు వేసి చూశాను, పోలేదు.

మూడో తప్పు ఆ చారల మధ్యే ఉంది. పాత బందుల దగ్గర విరిగి లోపలే ఉండిపోయిన మేకులు ఐదు. ఒక్కొక్కదాని చుట్టూ రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ. తుప్పు అయితే ఎర్రగా ఉండాలి, ఇది సిరా నలుపు. శ్రీకాళహస్తి కలంకారీ గురించి రాసుకున్న పేజీ తీశాక కారణం దొరికింది. కరక్కాయ నీటిలో నానిన గుడ్డ మీద కసిమి, అంటే బెల్లం నీటిలో ఇనుము ఊరబెట్టిన ద్రవం, తగిలితే నల్లబడుతుంది. కరక్కాయలోని వగరు పదార్థమూ ఇనుమూ కలిసి పుట్టే నలుపు అది. నా పలకలో వగరు కలపది, ఇనుము మేకులది, తడి నా జిగురుది. కలంకారీ పనివాళ్లు కావాలని చేసేదే నా పలక మీద దానంతట అది జరిగింది.

ఆ సాయంత్రమే ఆకుల మీది ఈనెలు ఎలా వేయాలో తేలిపోయింది. ఈనెలకు నల్ల రంగు కొనను. ఆ ఐదు మేకులూ పీకి కసిమిలో వేస్తాను. 20వ రోజున కుండ పెట్టాను.

చివరికి నిలిచిన పద్ధతి:

1. ఇనుము ప్రతి ముక్కా పీకేయాలి. రాని దాన్ని లోపలికి దిగగొట్టి పైన లక్క మూయాలి.
2. 120, తర్వాత 180 నంబరు శాండ్ పేపరుతో రుద్దాలి.
3. లక్క పలుకులు స్పిరిట్‌లో కరిగించి రెండు పూతలు. ఆరిన లక్క తర్వాతి తడిని, టేకు మరకను ఆపుతుంది. మంట దగ్గర ఈ పని చేయవద్దు.
4. ఆరిన లక్కను 180తో ఒకసారి తేలికగా గీరాలి. నున్నటి లక్క మీద నీటి జిగురు పట్టదు.
5. చింతగింజలు వేయించి, పై పొట్టు తీసి, రాత్రంతా నానబెట్టి, మెత్తగా రుబ్బి, గరిటె జారుడుగా ఉడికించాలి. అర లీటరుకు శనగగింజంత మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్). బైండింగు చేసేవారు మైదా జిగురులో వేసేది ఇదే. ఇది విషం; వంట గిన్నెలు వాడకూడదు, పిల్లలకు అందకూడదు. నా సీసా 11 రోజులైనా బూజు పట్టలేదు.
6. ఉతికిన ఖద్దరు అతికించి, జిగురు కలిపిన సుద్ద మూడు పూతలు. పూత పూతకూ మధ్య నున్నటి గులకరాయితో రుద్దాలి.

ఇప్పటికి: ఈ దశకు 960. మొత్తం 2,500 రూపాయలు. 36 గంటలు.

## దశ 3: మాను పగిలింది

మాను పొడవు 30 అంగుళాలు, మందం 8 మి.మీ. మక్కును ఒకే ముద్దగా పరిచి, వలయాలను చాకుతో పైన గీశాను. నాలుగో రోజుకు అడ్డంగా ఐదు పగుళ్లు, మొదలు దగ్గర వేలు దూరేంత లేచిపోయింది. పగుళ్లలో ఒక్కటీ నేను గీసిన వలయం మీద పడలేదు.

ఎంత కుంచించుకుంటుందో తెలియకుండా రెండోసారి వేయడం దండగ. అట్టముక్క మీద సరిగ్గా 100 మి.మీ. పొడవు కడ్డీలు వేసి ఆరబెట్టి కొలిచాను.

- జల్లించని పొట్టు, జారుడు జిగురు: 93 మి.మీ.
- పిండి జల్లెడలో జల్లించిన పొట్టు, అదే జిగురు: 95 మి.మీ.
- జల్లించిన పొట్టు 3 పాళ్లు, సుద్ద 2 పాళ్లు, చపాతీ పిండిలా కలిసేంత మాత్రమే జిగురు: 97 మి.మీ.

కుంచించుకునేది ప్రధానంగా జిగురులోని నీరు పోవడం వల్ల. నీరు తగ్గితే కుంచింపు తగ్గుతుంది, పూర్తిగా పోదు. మూడు శాతం అంటే 30 అంగుళాల మాను మీద దాదాపు 23 మి.మీ. అంత జరగడానికి గుడ్డ ఒప్పుకోదు, కాబట్టి మక్కు ఎక్కడో ఒకచోట తెగి తీరుతుంది.

ఇక్కడ రెండు రోజులు ఏ పనీ చేయలేదు. పుస్తకం తిరగేస్తూ కూర్చున్నాను. కొండపల్లి పేజీలో నా చేతిరాతలోనే ఉంది: "ఒకే కర్రలోంచి తీయరు. విడివిడిగా చేసి అతికిస్తారు." దాని ఎదుటి పేజీలో తాటి వలయాల కొలతలు. మాను ఎలాగూ తెగుతుంది. అది తెగే చోటును ముందే నేను నిర్ణయిస్తే సరి. చెట్టు మీద వలయం ఎక్కడ ఉంటుందో అక్కడే తెగాలి.

1. మానును 22 వలయాలుగా విభజించాను. ఒక్కొక్కటి సుమారు 34 మి.మీ. పొడవు.
2. కింద సుద్ద పూతను చాకు మొనతో అడ్డదిడ్డంగా గీరి, పలచటి జిగురు రాశాను. నున్నటి సుద్దకు మక్కు పట్టదు.
3. బేసి వలయాలు ముందు. 2 మి.మీ. పొరలుగా వేశాను. ఈ తేమలో ఒక పొర ఆరడానికి రెండు రోజులు.
4. అవి గట్టిపడ్డాక మధ్యలో సరి వలయాలు.
5. మొదలు దగ్గర 8 మి.మీ., పైకి పోయేకొద్దీ 4కు తగ్గించాను.

ప్రతి వలయమూ ఆరి సుమారు ఒక మి.మీ. కుంచించుకుంది. ప్రతి జత మధ్యా సన్నటి, కొంచెం వంకర టింకర సందు. చాకుతో గీసినప్పుడు రాని గీత ఇది. కాలువ గట్టు మీది చెట్టుకు ఉన్నది సరిగ్గా ఇలాగే ఉంటుంది. 22లో రెండు మాత్రమే ఊడాయి, మళ్లీ అతికించాను. ఈ పలక మొత్తంలో నాకు బాగా నచ్చిన భాగం ఈ మానే. ఫోనులోని 212 బొమ్మల్లో దేనిలోనూ ఇది లేదు.

ఇప్పటికి: జల్లెడ, ఇంకొన్ని చింతగింజలు 190. మొత్తం 2,690 రూపాయలు. 63 గంటలు.

## దశ 4: కసిమి, ఆకులు

కుండలో ఆ మేకులతో సహా తుప్పు ఇనుము 400 గ్రాములు, బెల్లం 150 గ్రాములు, నీళ్లు లీటరున్నర. మూత గట్టిగా బిగించకూడదు, పులిసేటప్పుడు గాలి వస్తుంది. 21 రోజులు ఉంచాను. వడగడితే లేత గోధుమ రంగు నీళ్లు, పుల్లటి వాసన. చూడటానికి అందులో నలుపే లేదు.

మొదటి గుడ్డను ఉత్త కరక్కాయ నీటిలో ముంచి ఆరబెట్టి గీశాను. ఒక మి.మీ. గీత పాకి 4 మి.మీ. అయింది. తాటాకు ఈనెలు అలా ఉంటే ఆకు చీపురులా ఉంటుంది. కలంకారీ పద్ధతిలో కరక్కాయతో పాటు గేదె పాలు ఎందుకు కలుపుతారో ఆ మరక చూశాక తెలిసింది: పాలలోని కొవ్వు గీతను పాకనివ్వదు. కరక్కాయ పొడి 50 గ్రాములు అర లీటరు నీటిలో, దానికి పావు లీటరు పచ్చి పాలు. ఈ గుడ్డ మీద గీత ఒకటిన్నర మి.మీ. దగ్గర ఆగింది.

కలం కూడా కొన్నది కాదు. వెదురు పుల్ల మొన చెక్కి, మొనకు కొంచెం పైన ఉన్ని ముక్క చుట్టి దారంతో కట్టాలి. ఉన్ని కసిమిని పీల్చుకుని ఉంటుంది, వేలితో నొక్కినకొద్దీ మొనకు దిగుతుంది. గీసిన క్షణంలో గీత బూడిద రంగు, చూస్తుండగానే నలుపు. ఎన్నిసార్లు చేసినా చూడాలనిపిస్తుంది.

ఆరాక చల్లటి నీటిలో బాగా ఉతకాలి. ఉతక్కుండా వదిలేసిన ముక్కను తడి తెల్లగుడ్డ మధ్య పది నిమిషాలు నొక్కితే మరక అంటింది. ఉతికినది అంటలేదు. ఇనుము ఎక్కువ మిగిలితే కాలం గడిచేకొద్దీ గుడ్డ పెళుసెక్కుతుంది కూడా.

తొమ్మిది ఆకులు విసనకర్ర ఆకారంలో కత్తిరించి, 6 మి.మీ. మడతలు పెట్టాను. మొదటి రెండింటి వెనక అంతా జిగురు రాస్తే మడతలు నానిపోయి చదునైపోయాయి. మిగతావాటికి మడత అడుగు గీత మీద మాత్రమే సన్నటి కుంచెతో జిగురు రాసి, మడతల సందుల్లో కొబ్బరి పుల్లలు పెట్టి ఆరబెట్టాను. నిలబడ్డాయి.

ఇప్పటికి: కరక్కాయ, బెల్లం, పాలు, కుండ, అర మీటరు ఖద్దరు 335. మొత్తం 3,025 రూపాయలు. 79 గంటలు.

## దశ 5: ఎరుపు, అంచు

పుస్తకంలోని పారాణి ముక్క మళ్లీ తీశాను. నేలకు ఆ రంగే కావాలి. అయితే పసుపు ఎండకు ఆగదు. ముక్కలో సగం అట్టతో కప్పి డాబా మీద ఆరు రోజులు ఉంచాను. తెరిచి ఉన్న సగం వెలిసిపోయి ఇటుక పొడిలా అయింది. అందువల్ల పారాణిని నమూనాగా మాత్రమే ఉంచుకుని, యాక్రిలిక్‌లో కలిపాను: జేగురు ఎరుపు 3 పాళ్లు, ఓకర్ పసుపు 1 పాలు, తెలుపు చాలా కొద్దిగా. చేర్యాల పటాల ఎరుపు కన్నా ఇది కాస్త మట్టి వైపు ఉంది. పక్కన లేత పసుపు గుడ్డ ఆకులు ఉన్నాయి కాబట్టి ఇదే సరిపోయింది.

మొదటి పూతకు టేపు పరీక్ష పెట్టాను: అంటుకునే టేపు నొక్కి ఒక్కసారిగా లాగడం. రంగు సుద్దతో సహా వచ్చేసింది. సుద్దలో జిగురు తక్కువై పొడిగా ఉంది. ఆ భాగం గీకి, ఒక పాలు జిగురుకు మూడు పాళ్ల నీరు కలిపి నేలంతా ఒకసారి రాశాను. మర్నాడు రంగు వేసి టేపు లాగితే శుభ్రంగా వచ్చింది.

అంచు దగ్గర మూడు రోజులు ఆగిపోయాను. లేపాక్షి పేజీలోని గళ్ల అంచును 45 మి.మీ. గడితో ఎడమ మూల నుంచి మొదలుపెట్టాను. 1016 మి.మీ. పొడవులో 22 గళ్లు పట్టి 26 మి.మీ. మిగిలింది. మూలలో సగం కన్నా కాస్త పెద్ద గడి. ఎక్కడ చూసినా చూపు అక్కడికే పోయింది.

అమ్మ చూసి, "ముగ్గు చివర నుంచి మొదలుపెడతామా? మధ్య చుక్క పెట్టుకో, అటూ ఇటూ లెక్కపెట్టుకుంటూ పో" అంది. ఏడు చుక్కల ముగ్గుకు మధ్య చుక్క ఉంటుంది, ఆరింటికి ఉండదు. అంచు కూడా అంతే. కాగితం మీద ఇలా కుదిరింది:

1. నాలుగు మూలలా 2 అంగుళాల చదరాలు ముందే వదిలేయాలి.
2. మిగిలినది పొడవున 36, వెడల్పున 12 అంగుళాలు. 2 అంగుళాల గడి అయితే 18, 6.
3. గడి గీతల చోట చుక్కలు: పొడవున 19, వెడల్పున 7. రెండూ బేసి కాబట్టి రెండిటికీ మధ్య చుక్క ఉంది.
4. చుక్కలన్నీ పెట్టాకే గీతలు.

పాత రెక్క కచ్చితమైన దీర్ఘచతురస్రం కాదు. పైన 15⅞ అంగుళాలు, కింద 16⅛. ఆ పావు అంగుళం తేడాను ఒక మూలకు తోస్తే కనిపిస్తుంది. ఆరు గళ్లకూ పంచితే పై గడికీ కింది గడికీ తేడా ఒక మి.మీ. మాత్రమే. ఎవరూ పట్టుకోలేరు. గళ్లలో రెండు నమూనాలు మార్చి మార్చి వేశాను: ఒకటి వజ్రపు గడి, ఒకటి నాలుగు రేకుల పువ్వు. తెలుపు, ఆకుపచ్చ, నలుపు. ఎరుపు నేల అలాగే కనిపించేలా వదిలాను.

ఇప్పటికి: రంగులు 750, కుంచెలు 260. మొత్తం 4,035 రూపాయలు. 110 గంటలు.

## దశ 6: వార్నిష్, వంపు

మెరుపు లేని యాక్రిలిక్ వార్నిష్ పలచగా రెండు పూతలు. ఆకుల గుడ్డకు వేయలేదు. పరీక్ష ముక్క మీద అది గుడ్డను ప్లాస్టిక్‌లా చేసింది.

71వ రోజున పలకను గోడకు ఆనిస్తే అడ్డంగా వంగింది. ఉక్కు స్కేలు అడ్డంగా పెట్టి చూస్తే మధ్యలో 3 మి.మీ. సందు. ముందువైపు లక్క, గుడ్డ, సుద్ద, రంగు, వార్నిష్. వెనక ఉత్త కలప. వెనక తేమ పీలుస్తుంది, ముందు పీల్చదు. లక్క పూసిన రోజే వెనక కూడా పూసి ఉంటే ఇది రాదు. రెండో దశలోని మూడో మెట్టు దగ్గర ఇది కూడా రాసుకోండి: రెండు వైపులా.

వెనక రెండు పూతల లక్క వేసి, రెండు ఇటుకల మీద బోర్లా కాకుండా నిలువుగా, గాలి రెండు వైపులా ఆడేలా పెట్టాను. 78వ రోజు సందు 2 మి.మీ. 85వ రోజు ఒకటికి కాస్త ఎక్కువ. మానులోని వలయాలు ఊడలేదు. మొదలు నుంచి ఆరో వలయం దగ్గర వెంట్రుకంత కొత్త గీత వచ్చింది, అదీ సందులోనే.

చివరి లెక్క: వార్నిష్ 380. లక్క పాతదే మిగిలింది. మొత్తం 4,415 రూపాయలు. 116 గంటలు. కుండలో ఇంకా ముప్పావు లీటరు కసిమి ఉంది. పుస్తకంలో మూడు గడులూ నిండిన పేజీలు 17, ఈ పలకకు వాడినవి ఐదు.